అందరినీ దారి తప్పించిన మా తాతయ్య

మా తాతయ్య ఉద్యోగం దారులు చూసుకోవడం. రోడ్లు కాదు, చిత్తడి నేలలో కాలిదారులు. ఊరి చివర వాగు చీలిపోయి, బద్ధకంగా పరుచుకుని, రెల్లూ తుంగా మొలిపించుకున్న నేల అది. వన్యప్రాణుల కోసమని సర్కారువారు దాని చుట్టూ కంచె వేశారు. ఒక గేటు పెట్టి, గేటు పక్కన మాకు రెండు గదుల ఇల్లిచ్చి, జనం కూడా వచ్చి ఆనందించవచ్చు అన్నారు. ప్రాణులను కాపాడాలి, జనాన్ని ఆనందపెట్టాలి. రెండు పనులూ ఒకే మనిషికి అప్పగించారు. పిల్లినీ ఎలుకనూ ఒకే బుట్టలో పెట్టి నెత్తిన మోయమన్నట్టు. మా తాతయ్య ఆ బుట్టను చాలా సులువుగా మోశాడు. ఎలా అంటారా? పిల్లికి ఎలుక కనపడకుండా అడ్డం గుడ్డ కట్టాడు.

ఆ గుడ్డ పేరు గడ్డి.

ఆయన సిద్ధాంతం ప్రకారం మనిషి తల ఆలోచించేది కూర్చున్నప్పుడే. నడిచేటప్పుడు పెత్తనమంతా పాదాలది. పాదం ఎప్పుడూ కోసిన గడ్డి మీదికే పోతుంది. ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పున గడ్డి కోసి, కొంచెం దూరంలో చిన్న వంపు తిప్పితే చాలు, ఆ వంపు అవతల ఏముందోనని జనం వాళ్ళంతట వాళ్ళే పోతారు. ఎటు పోకూడదో అటు మాత్రం గడ్డిని మోకాలి దాకా పెరగనివ్వాలి. మోకాలెత్తు గడ్డిలో ప్రతి మనిషికీ ఒక పాము కనిపిస్తుంది. పాము ఉండనక్కర్లేదు.

ఈ శాస్త్రంతో ఆయన గేటు కుడిచేతివైపు ఒక దారి కోశాడు. అది చెట్ల నీడలో కొంతసేపు పోతుంది, చెక్క వంతెన దాటుతుంది, చిన్న మిట్ట ఎక్కుతుంది, అక్కడొక బెంచీ, ఆ తర్వాత చుట్టు తిరిగి మళ్ళీ గేటుకే వస్తుంది. నడిచినవాళ్ళకి ఒళ్ళు తేలికవుతుంది, మనసు కుదుటపడుతుంది, కళ్ళకు మాత్రం ఏమీ దొరకదు. బెంచీ ఎదురుగా దూరంలో నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. దాన్ని చూసి కూడా జనం "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అనేవాళ్ళు. అసలు సరుకంతా ఎడమచేతివైపు ఉంది. కొంగల గూళ్ళు, వాగు మడుగు, మడుగులో నీటికుక్కలు. అటు ఒక్క కాలూ పడేది కాదు. తాతయ్య పడనిచ్చేవాడు కాదు.

ఒకప్పుడు పైఆఫీసువాళ్ళు ఎడమవైపు పెద్ద బోర్డు పాతించారట, ప్రవేశం లేదు అని. అంతవరకూ అటు తిరిగి చూడనివాళ్ళు కూడా ఆ రోజు నుంచీ అటే పోవడం మొదలుపెట్టారు. "లేదన్నారంటే ఏదో ఉందన్నమాటే" అని ఒకాయన భార్యాబిడ్డలతో సహా నడుము లోతు బురదలో దిగి, చెప్పులు వదిలేసి, బయటికొచ్చాక తాతయ్యనే తిట్టాడట. తాతయ్య ఆ బోర్డు పీకి, ఇంటికి తెచ్చి, స్నానాలగదిలో నీళ్ళ తొట్టి మీద మూతగా వేశాడు. ఎడమవైపు గడ్డి పెంచాడు. ఇక పీడా పోయింది.

"బోర్డు చదవడానికి చదువు కావాలి. దాన్ని ధిక్కరించడానికి ఇంకాస్త ఎక్కువ చదువు కావాలి. గడ్డికి అవేమీ అక్కర్లేదు" అనేవాడు. నేను తొమ్మిదితో ఆపినదాన్ని కాబట్టి ఈ మాట నాకు చాలా నచ్చేది.

ఆయన ఇంట్లో కూడా అంతే. ముందుగది కిటికీ గట్టు మీద సానరాయి, తలుపు వెనక పొడుగు పిడి కొడవలి, అన్నం తినే బల్ల మీద గడ్డి మిషను బ్లేడు. ఆ గదిలో చాపలూ కుర్చీలూ ఆయన ఎలా సర్దాడంటే, వచ్చిన చుట్టం గుమ్మంలోంచి చాప మీదుగా కిటికీ దాకా వచ్చి, కుర్చీ చుట్టూ తిరిగి, ఏమైందో తెలియకుండానే మళ్ళీ వాకిట్లో తేలేవాడు. వంటింట్లోకి ఇంతవరకూ ఒక్క చుట్టమూ రాలేదు. 

"నా తమ్ముడు వచ్చి గుమ్మంలోనే గిరగిరా తిరిగి వెళ్ళిపోయాడండీ" అని అమ్మమ్మ మొత్తుకునేది.

"బాగానే ఆనందించాడుగా?" అనేవాడు తాతయ్య.

నేనూ అమ్మమ్మా గేటు దగ్గర టీకొట్టు నడుపుతాం. అంచేత తాతయ్య ఘనత అంతా మా చెవుల్లోనే పడేది. వచ్చేవాళ్ళలో ఒక రిటైరైన టీచరుగారుండేవారు, ఎండా వానా లేకుండా గొడుగుతో. మేం ఆవిడను గొడుగు టీచరు అనేవాళ్ళం. ఆవిడ రోజూ చుట్టు తిరిగి వచ్చి, టీ తాగి, తాతయ్యను పిలిచి "ఇవాళ కూడా ఏమీ కనపడలేదే" అనేవారు. తాతయ్య చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "ఉడతలున్నాయండీ" అనేవాడు. ఆవిడ వెళ్ళాక మీసం దువ్వుకునేవాడు. దొంగ తన పనితనానికి మురిసిపోయినట్టు మురిసిపోయేవాడు.

అలా రోజులు హాయిగా గడుస్తుండగా కొత్త ఆఫీసరు వచ్చాడు. వయసు తక్కువ, హుషారు ఎక్కువ. ఎప్పుడూ చంకలో చుట్టిన పటం ఒకటి ఉండేది కనుక అమ్మమ్మ ఆయనకు పటంబాబు అని పేరు పెట్టింది. పటంబాబుకు చిత్తడి మీద ప్రేమ లేకపోలేదు. కానీ ఆ ప్రేమ పైవాళ్ళకు తెలిసేటట్టు ఉండాలి. అందుకని ఇద్దరు మనుషులను గేటు దగ్గర నిలబెట్టి, బయటికొచ్చిన ప్రతివాళ్ళనూ "లోపల ఏం చూశారు?" అని అడిగించాడు.

జనం నిజమే చెప్పారు. బెంచీ బాగుంది. నీడ బాగుంది. వంతెన బాగుంది. టీ ఫరవాలేదు. జంతువులా? ఏ జంతువులు? ఒకావిడ బాగా ఆలోచించి పిచ్చుక అంది. గొడుగు టీచరు "ఉన్నాయంటున్న ఉడతలు" అన్నారు.

తాతయ్య ఆ రోజంతా టీకొట్టు బల్ల మీద కూర్చుని ఒక్కొక్క జవాబూ వింటూ, నవ్వు ఆపుకోలేక తువ్వాలుతో మూతి మూసుకున్నాడు. "చూశావుటే, ఒక్కడికీ ఒక్క కొంగ ఈకైనా కనపడలేదు!" 

తర్వాత కొద్ది రోజులకు పటంబాబు మా ఇంటికే వచ్చాడు. తాతయ్య సర్దిన చాపల ప్రకారం గదంతా ఒక చుట్టు తిరిగి, గుమ్మం దగ్గరికి చేరాక ఉలిక్కిపడి ఆగి, అక్కడే నిలబడి విషయం చెప్పాడు.

"పెద్దాయనా, పైవాళ్ళు ఒక నిర్ణయానికొచ్చారు. ఇక్కడ జంతువులు లేవని తేలిపోయింది కదా..."

"ఎవరు తేల్చారు?" అన్నాడు తాతయ్య.

"జనమే. అంతమందిని అడిగాం. అంచేత ఎడమవైపు పల్లమంతా మట్టితో పూడ్చి, మంచి పచ్చిక వేసి, మధ్యలో ఫౌంటెను పెడతారు. చుట్టూ జంతువుల బొమ్మలు పెడతారు, సిమెంటువి. జింకలు, కొంగలు. పాతకాలంలో ఇక్కడ నీటికుక్కలు ఉండేవట, అవి కూడా. పిల్లలు ఎక్కి కూర్చోవచ్చు. ఎప్పుడు వచ్చినా కనిపిస్తాయి. ఎండాకాలం, వానాకాలం అని లేదు."

తాతయ్య సానరాయి చేతిలోకి తీసుకున్నాడు. 

"మీకు కష్టం తగ్గుతుంది. సిమెంటు జంతువుల్ని కాపాడటం తేలిక. ఏడాదికోసారి రంగు వేస్తే చాలు" అని పటంబాబు ఎంతో దయగా చెప్పాడు. కమిటీ వచ్చి ఒకసారి కళ్ళతో చూసుకుని వెళ్ళగానే మట్టి లారీలు వస్తాయన్నాడు. 

ఆయన వెళ్ళాక తాతయ్య కుర్చీలో కూలబడ్డాడు. అమ్మమ్మ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, ఆయన ఎదుట నిలబడింది.

"ఇప్పుడు నవ్వండి తువ్వాలు అడ్డం పెట్టుకుని."

"ఊరుకోవే."

"దాచిపెట్టడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరు. ఇంత బాగా దాచారు, ఉన్నవి కూడా లేవైపోయాయి."

"చెప్తాను. ఉన్నాయని చెప్తాను."

"చెప్పండి. గడ్డి కోసేవాడు ఉన్నాయంటాడు, చూసొచ్చిన ఊరంతా లేవంటుంది. ఎవరిని నమ్ముతారో! అంతెందుకు, నన్నడిగితే నేనూ లేవనే చెప్పేదాన్ని. ఈ గేటు దగ్గరే నా కాపురమంతా వెళ్ళిపోయింది. ఒక్క నీటికుక్కని చూపించారా నాకు?"

తాతయ్య తల దించుకున్నాడు. ఆ సంగతి నాకూ అప్పుడే తట్టింది. నేను కూడా చూడలేదు. ఉన్నాయని వినడమే. అమ్మమ్మా నేనూ కూడా ఇన్నాళ్ళూ కుడివైపు జనంలోనే లెక్క!

"నన్నెందుకు తీసుకెళ్ళలేదు తాతయ్యా?" అన్నాను.

"నీకు తుమ్ములు."

"మరి అమ్మమ్మని?"

"ఆవిడ మాట్లాడుతుంది."

"అవును మరి, మీరు మౌనవ్రతం" అని అమ్మమ్మ చేట ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆ చేట విసురుకు నాలుగు గింజలు బ్లేడు మీద పడ్డాయి.

మట్టి లారీలు ఆగాలంటే ఒకటే మార్గం. వచ్చే కమిటీ తన కళ్ళతో ఏదో ఒక ప్రాణిని చూడాలి. చూడాలంటే ఎడమవైపు దారి కోయాలి. తాతయ్య ఆ మాట ఒప్పుకోవడానికి పడ్డ యాతన చెప్పనలవి కాదు. అన్నం ముందు కూర్చుని లేచేవాడు. కొడవలి నూరి, నూరిన కొడవలిని మళ్ళీ తలుపు వెనక పెట్టేవాడు. చివరికొక పొద్దున నన్ను లేపి, "ముక్కుకి గుడ్డ కట్టుకుని రా" అన్నాడు.

మిషను వద్దన్నాడు, చప్పుడని. పొడుగు పిడి కొడవలితో కోశాడు. మామూలుగా తాతయ్య కోస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. నడుము నుంచి ఊగుతాడు, గడ్డి ఒక పక్కకి దువ్వినట్టు పడుతుంది. ఆ రోజు మాత్రం క్షౌరం నేర్చుకుంటున్నవాడి మొదటి తలకాయలా ఉంది ఆ దారి. నాలుగు వేట్లు వేసి ఆగేవాడు. వెనక్కి చూసేవాడు. వెనక నేను, ఆయన కోసిన గడ్డిని పక్కకి లాగుతూ వస్తున్నాను.

"ఇంటి తలుపులు నేనే ఊడబీకుతున్నట్టుందే" అన్నాడు ఒకచోట. నేను వెక్కిరించడానికి నోరు తెరిచాను కానీ, ఎందుకో మూసేశాను.

రెల్లు దగ్గరపడ్డాక "వంగి నడువు" అని సైగ చేశాడు. మోకాళ్ళ మీద పాకాం. రెల్లు సందులోంచి మడుగు కనిపించింది. ముందు ఏమీ లేదు. తర్వాత కరకరా ఏదో నములుతున్న చప్పుడు. గట్టు మీద ఒక తల్లి, పక్కన పిల్లలు. పొట్టి చెవులు, తడి మీసాలు, తోక చేతికర్ర లావున. తల్లి చేపను రెండు చేతులతో పట్టుకుని, మా పక్కింటాయన మొక్కజొన్న కంకి తిన్నట్టు, తల నుంచి మొదలుపెట్టి తింటోంది. ఒక పిల్ల వచ్చి లాక్కోబోతే మూతి మీద ఒకటిచ్చింది.

"మీ అమ్మమ్మే" అని తాతయ్య నా చెవిలో గుసగుసలాడాడు. ఆయన ముఖం చూశాను. ముక్కు మీద కోపం తప్ప ఇంకేమీ ఎరగని ఆ ముఖం మెత్తగా నానిన బిస్కెట్టులా ఉంది. ఈ ముఖం కూడా ఇన్నేళ్ళూ మాకు చూపించలేదన్నమాట, ముసలి పిసినారి.

నాకు తుమ్ము వచ్చింది. తల్లి నిటారుగా లేచి నిలబడి మావైపు చూసి, బుస్సుమని, నీళ్ళలో మునిగింది. తాతయ్య దారంతా నన్ను తిడుతూనే ఇంటికొచ్చాడు.

కమిటీ పొద్దున్నే వస్తుందన్నారు. కమిటీ కదా, మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి వచ్చింది. అధ్యక్షుడొక పెద్దమనిషి. తెల్ల బూట్లు వేసుకున్నాడు. చిత్తడి చూడటానికి తెల్ల బూట్లు! వెనక ఇద్దరు సభ్యులు. ఒకాయన అధ్యక్షుడు ఏమన్నా "కరెక్ట్" అంటాడు, రెండో ఆయన అది కూడా అనడు, తలూపుతాడు. పటంబాబు పటం విప్పుకుని ముందు నడిచాడు. తాతయ్య ఉతికిన చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి, ఎడమ చేయి చాపి, "ఇటండీ, ఇటు దయచేయండి" అన్నాడు.

అధ్యక్షుడు "అలాగే, అలాగే" అంటూనే కుడివైపు తిరిగాడు. సభ్యులూ తిరిగారు. ఎడమవైపు కోసిన దారి ఎగుడుదిగుడుగా, అతుకుల దుప్పటిలా ఉంది. కుడివైపు దారి ఇన్నేళ్ళ పనితనంతో తివాచీలా పరుచుకుని, ఆ వంపు దగ్గర కన్ను గీటుతోంది. పాదాలు ఏం చేస్తాయి పాపం? "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అంటారు. ఊరి దారీ ఆయన కోసిందే, ఉలిపికట్టె దారీ ఆయన కోసిందే. తాతయ్య వెనక నుంచి "సార్, అటు కాదు, అటేమీ ఉండదు!" అని అరుస్తూ పరిగెత్తాడు. తన నోటితో ఆ మాట అనాల్సి వస్తుందని ఆయన కలలో కూడా అనుకొని ఉండడు.

వాళ్ళు చెట్ల నీడలో పోయారు. వంతెన మీద ఆగారు. బెంచీ మీద కూర్చున్నారు. 

"ఎంత ప్రశాంతంగా ఉందండీ" అన్నాడు అధ్యక్షుడు నీళ్ళ ట్యాంకు చూస్తూ.

"కరెక్ట్" అన్నాడు సభ్యుడు.

"ఇక్కడొక సిమెంటు జింక పడితే..."

"కరెక్ట్."

తాతయ్య చేతులు నలుపుకుంటూ, "సార్, ఎడమవైపు నిజంవే ఉన్నాయి సార్" అన్నాడు. అధ్యక్షుడు చిరునవ్వు నవ్వాడు. "ఉంటాయి, ఉంటాయి. మనసులో ఉంటే అన్నీ ఉంటాయి. నీ అభిమానం నాకర్థమైంది." వాచీ చూసుకున్నాడు. ఇక లేచి, మిగతా చుట్టు తిరిగి, కారెక్కడమే తరువాయి.

టీకొట్టు దగ్గర నుంచి నేనూ అమ్మమ్మా మిట్ట మీద వాళ్ళను చూస్తున్నాం, ఆ మాటలు తాతయ్య తర్వాత చెప్పినవి. కొంగల గూళ్ళు, మడుగు, గట్టు మీది తల్లీ పిల్లలు, అన్నీ ఆ చుట్టు పూర్తయ్యేలోపల మట్టి కిందికి పోయేలా ఉన్నాయి. అమ్మమ్మ చటుక్కున లేచింది.

"ఏమే, ఆ తొట్టి మూత పట్రా."

"మూతా?"

"ప్రశ్నలు తర్వాత వెయ్యవే తల్లీ, ముందు పట్రా!"

నేను స్నానాలగదిలోకి పరిగెత్తి బోర్డు తెచ్చాను. సబ్బు నురగలు తుడిచాం. అక్షరాలు వెలిసినా చదవడానికి వస్తున్నాయి. ఎడమ దారి మొదట్లో, బాగా కనపడేటట్టు, రాయితో కొట్టి నిలబెట్టాం. పని కాగానే ఏమీ ఎరగనట్టు వచ్చి గ్లాసులు కడగడం మొదలుపెట్టాం.

కమిటీ చుట్టు ముగించుకుని గేటు వైపు వచ్చింది. అధ్యక్షుడు బోర్డు ముందు టక్కున ఆగాడు.

"ఇదేమిటి? ప్రవేశం లేదా? ఎవరికి లేదు?"

పటంబాబు బోర్డు చూశాడు. పటంలో వెతికాడు. "అంటే... జనానికి సార్."

"మనం జనమా?"

"ఛ ఛ, కాదు సార్."

"మరి? కమిటీకి కూడా ప్రవేశం లేదా? ఏముంది లోపల? ఎవరు దాస్తున్నారు?" అని అధ్యక్షుడు బోర్డును పక్కకి తోసి, తెల్ల బూట్లతో ఎడమవైపు దూసుకుపోయాడు. "కరెక్ట్" వెనకే పోయాడు. తాతయ్య ఒక్క క్షణం మావైపు చూశాడు. అమ్మమ్మ గ్లాసు కడుగుతూ ఆకాశం చూసింది. నేను ఆగలేక, ముక్కుకు గుడ్డ కట్టుకుని వాళ్ళ వెనకే వెళ్ళాను.

దారి పొడుగునా అధ్యక్షుడు మాట్లాడుతూనే ఉన్నాడు. దోమల గురించి, మట్టి లారీలు ఏ గేటున రావాలన్న దాని గురించి, బురద గురించి. ఒక బూటు బురదలో ఉండిపోయింది. దాన్ని లాగుతూ కూడా మాట్లాడాడు. తాతయ్య పెదాల మీద వేలు పెట్టుకుని బతిమాలుతున్నాడు, ఎవరూ చూడటం లేదు. ఈ గోలకు నీటికుక్కలు కాదుగదా, నీళ్ళు కూడా ఉండవనుకున్నాను.

రెల్లు దగ్గరికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. అది వాటి వేట వేళ. పొద్దున్నే వచ్చి ఉంటే ఏమయ్యేదో తెలియదు కానీ, ఆ భోజనమూ ఆ నడుం వాల్చడమూ మా పాలిట వరాలయ్యాయి.

బుస్సుమని ఒక చప్పుడు.

అధ్యక్షుడు మాట మధ్యలో ఆగిపోయాడు. నీళ్ళలోంచి ఒక తల లేచింది. పక్కన ఇంకొకటి. ఆ పక్కన చిన్నవి. మెడలు సాచి, కమిటీని తనిఖీ చేస్తున్నట్టుగా, వరసగా చూశాయి. 

"అవి మనల్నే చూస్తున్నాయి" అన్నాడు అధ్యక్షుడు. ఆయనకు గుసగుస కూడా వచ్చునని అప్పుడే తెలిసింది.

"కరె..." అనబోయిన సభ్యుడి నోరు ఆయనే మూశాడు. మెల్లగా, ఒంటి బూటుతో, ఆ బురదలోనే చతికిలబడ్డాడు. పటంబాబు పటాన్ని తడి నేల మీద పరిచి దాని మీద మోకాళ్ళూనాడు. అంతవరకూ ఆ పటం దేనికైనా పనికొచ్చిందంటే అప్పుడే. తల్లి గట్టెక్కి ఒళ్ళు విదిల్చుకుంది. పిల్లలు దాని మీదెక్కి దొర్లాయి. ఒకటి జారి నీళ్ళలో పడితే అధ్యక్షుడు "అయ్యో" అని చేయి చాపాడు. నేను ఎంత వెటకారపు దాన్నైనా ఉన్నమాట చెప్పాలి. అప్పుడు ఆయన ముఖం చాలా బాగుంది. కమిటీ ముఖంలా లేదు.

గేటు దగ్గరికి తిరిగొచ్చేసరికి మాత్రం హోదా మళ్ళీ వచ్చి కూర్చుంది. 

"ఎంత పెద్ద విషయం కనిపెట్టాం! ఇన్నాళ్ళూ ఇక్కడ నీటికుక్కలున్నాయని ఒక్కరికీ తెలియకపోవడమేమిటి?" అని తాతయ్య వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్విక్కడే పడి ఉంటావు కదా. నువ్వెప్పుడూ చూడలేదా?"

బెంచీ దగ్గర తాతయ్య అన్న మాట అధ్యక్షుడి చెవికెక్కనే లేదు. ఇప్పుడు తాతయ్య చూశానంటే, దాచింది తనేనని తేలుతుంది. జంతువులు లేవని లెక్క తేలడానికి కారణం ఆయన కొడవలేనని తెలిస్తే, ఆ కొడవలిని ఇంకొకరి చేతికిస్తారు. చూడలేదంటే? ఒక్కొక్క పిల్ల పుట్టుకా ఎరిగిన మనిషి, ఆ చిత్తడిలో తనకు తెలియని పురుగు లేదని మీసం మెలేసే మనిషి, గుడ్డివాడిలా నిలబడాలి. అదీ అమ్మమ్మ ముందు.

"చూళ్ళేదు సార్" అన్నాడు. "నాకు కొంచెం చూపు తక్కువ."

"కళ్ళద్దాలు పెట్టించుకోవయ్యా" అని అధ్యక్షుడు భుజం తట్టి కారెక్కాడు. మట్టి లారీల మాట ఇక ఎత్తవద్దని పటంబాబుతో కిటికీలోంచి గట్టిగా చెప్పాడు.

ఆ పూట అమ్మమ్మ ఒక్క దెప్పు మాట కూడా అనలేదు. వేడివేడిగా అన్నం పెట్టి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. మా ఇంట్లో ఇంతకంటే పెద్ద సన్మానం లేదు.

పూడ్చడం ఆగింది కానీ, చూపించడం తప్పలేదు. జనం కూడా నీటికుక్కలను చూడాల్సిందేనని పైనుంచి మాట వచ్చింది. పటంబాబు ఎడమవైపు నిటారుగా సిమెంటు రోడ్డు వేసి, మడుగు గట్టు మీద మెట్లు కడదామన్నాడు. తాతయ్య అడ్డం తిరిగాడు.

"మెట్లు కడితే ఎవరు దిగుతారు సార్?"

"జనం."

"మరి అవెక్కడికి పోతాయి?"

"కొంచెం పక్కకి జరుగుతాయి."

"జరిగి జరిగి కంచె దాటి పోతాయి. అప్పుడు మెట్ల మీద సిమెంటు నీటికుక్కని కూర్చోబెట్టుకోవాల్సిందే."

చాలా రోజులు ఈ పోట్లాట నడిచింది. ఆఖరికి తాతయ్య మాటే నెగ్గింది, సగం. మడుగుకు దూరంగా రెల్లుతో మనిషెత్తు తడిక కట్టి, దానికి కళ్ళ ఎత్తున సందులు వదిలాడు. పొడుగువాళ్ళకు పైన, పిల్లలకు కింద. పిల్లలు పెట్టే కాలంలో ఆ దారి మూతపడుతుంది, అంటే గడ్డి పెరుగుతుంది. పటంబాబు గెలిచిన సగం ఏమిటంటే, తాతయ్యకు ఒక టోపీ పెట్టించాడు. దాని మీద రంగుల నీటికుక్క నవ్వుతూ ఉంటుంది. 

మొదటి రోజు జనం బాగానే వచ్చారు. తాతయ్య ఆ నవ్వే టోపీ కింద చండ్రనిప్పుల్లాంటి కళ్ళతో నిలబడి, దగ్గిన ప్రతివాణ్ణీ కాల్చేసేలా చూశాడు. అమ్మమ్మ టీకొట్టు నాకు వదిలేసి, అందరికంటే ముందు సందు పట్టుకుంది. ఒక్క మాట మాట్లాడలేదట, నాకు నమ్మకం లేదు. తిరిగొచ్చి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "బాగానే ఉన్నాయి, కాస్త కండపట్టాలి" అంది.

గొడుగు టీచరు మాత్రం తాతయ్యను గేటు దగ్గర అందరి ముందూ నిలేశారు.

"ఇన్నేళ్ళూ ఎక్కడ దాచారయ్యా వీటిని? రోజూ అడిగేదాన్ని. ఉడతలన్నారు! నాకు మోకాళ్ళు సరిగ్గా ఉన్న రోజుల్లో చూపించి ఉంటే ఎన్నిసార్లు చూసేదాన్ని!"

 తాతయ్య టోపీ తీసి చేత్తో పట్టుకుని, "రేపు పొద్దుటే రండి. జనం రాకముందు. దారిలో రెండుచోట్ల కూర్చోడానికి దుంగలు వేస్తాను" అన్నాడు. 

అయినా ఆయనకు బెంగ తీరలేదు. ఇంత జనం మొహాలు చూశాక నీటికుక్కలు ఆ మడుగు వదిలేసి పోయి ఉంటాయని ఆయన గట్టి నమ్మకం. మర్నాడు తెల్లవారుతూనే దుంగలు మోసుకుని వెళ్ళాడు. మేం టీకి నీళ్ళు పెట్టేసరికి తిరిగొచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది.

"పోయాయా?" అన్నాను.

"ఎక్కడికి పోతాయి!" అని టోపీ బల్ల మీద విసిరికొట్టాడు. "తడిక దగ్గరికే వచ్చాయి. సరిగ్గా జనం నిలబడే చోటికి ఎదురుగా కూర్చుని చేపలు తిన్నట్టున్నాయి, గట్టంతా పొలుసులే. నేను వెళ్ళేసరికి ఆ తల్లి సందులోంచి ఇటే తొంగి చూస్తోంది. సిగ్గూ ఎగ్గూ లేదు వాటికి. ఇన్నేళ్ళూ జనం కంట పడకూడదని నేను చచ్చీచెడీ కాపాడితే, వాటికి జనం కావాలట, జనం!"

అమ్మమ్మ గ్లాసులో టీ పోసి ఆయన ముందు పెట్టింది.

"మరి మీ ఒక్కరి మొహం ఎన్నాళ్ళని చూస్తాయి, పాపం" అంది.